చింపేసిన జాబితా

జనవరి 9, శుక్రవారం

ఇరవై మూడో నంబరు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా చూశాను. దిద్దడంలో తప్పు జరిగిందేమోనని మళ్ళీ దిద్దాను. తప్పు జరగలేదు.

మొదటి విడత, పిల్లలు నాలుగో తరగతికి వచ్చిన కొత్తలో: గట్టిగా చెప్పిన మాటలు పదికి పది. మామూలు గొంతుతో చెప్పినవి ఎనిమిది. మెల్లిగా చెప్పినవి రెండు. ఇలాంటివాళ్ళు ఇంకో ఐదుగురున్నారు కాబట్టి అప్పుడు పట్టించుకోలేదు. రెండో విడత, అదే తరగతి ఆఖర్లో: గట్టివి ఆరు. మామూలువి ఒకటి. మెల్లిగా చెప్పిన పదింటి దగ్గరా చిన్న చిన్న గీతలు. వినబడకపోతే గీత గీయమని నేనే చెప్పాను. మిగతా ఐదుగురూ ఉన్నచోటే ఉన్నారు. ఈ ఒక్కరే కిందికి జారారు.

గీతలన్నీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. బుద్ధిమంతులెవరో.

రోడ్డు పక్కన ఉన్న బడిలో టీచరు గొంతు ఎంతవరకు చేరుతుందన్నది నా పరిశోధన. పెదాలు చూసి రాసేస్తారని నలభై మందినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వీపున నంబరు కాగితం గుచ్చి, వెనకనించి టేపు వినిపించాను. మొహాలు చూడలేదని కాదు. ఏ వీపుకి ఏ మొహమో తెలియదు. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న జాబితా ఒకే ఒక్కటి ఉండేది. రెండో విడత అయిన మర్నాడే ఆ బడి పెద్ద మేడమ్ గదిలో దాన్ని చింపేసి, ఆవిడా నేనూ ఒక టీచరూ సంతకాలు పెట్టి, చింపేసినట్టు ధ్రువపత్రం తయారు చేశాం.

అలా చింపమని ఎవరూ అడగలేదు. "పిల్లల గుర్తింపు వివరాలు ఎక్కడా మిగలనివ్వను" అని దరఖాస్తులో నేనే ఒక వాక్యం ఎక్కువ రాశాను, చూడటానికి బాగుంటుందని. అనుమతి ఇచ్చే కమిటీవాళ్ళు ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఉత్తరం కూడా ఫైల్లో పెట్టుకున్నాను.

రెండో విడత కాగితాలు వేసవిలోనే దిద్దాల్సింది. థీసిస్ రెండో అధ్యాయం మార్జిన్లు సరిచేస్తూ ఉండిపోయాను. మార్జిన్లు కూడా ముఖ్యమే.

జనవరి 11, ఆదివారం

బావ దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ అన్నయ్య, చెవి డాక్టరు. సెలవు రోజున రోగాల మాట ఎత్తితే విసుక్కుంటాడు. విసుక్కున్నాడు.

"ఏంటిది బావా?" అన్నాడు, నేనిచ్చిన కాగితాలు తిప్పి చూస్తూ.

"ఒక పిల్లాడివో పిల్లవో. వినికిడి తగ్గుతున్నట్టుంది."

"అయితే చెవి తీసుకురా, చూస్తాను. కాగితంలో నాకేం కనిపిస్తుంది?"

తరవాత తనే చెప్పాడు. పిల్లల్లో చెవి లోపల చీము పట్టడం మామూలేనట. వదిలేస్తే పొర చిల్లు పడుతుంది, ఇంకా వదిలేస్తే లోపలి చిన్న ఎముకల్ని తినేస్తుంది. మొదట్లో మందుతో పోతుంది, కొంచెం ముదిరితే ఆపరేషను. ఎముకలు పోయాక ఏం చేసినా పూర్తి వినికిడి రాదు.

"నొప్పి ఉండదా? ఇంట్లో చెప్పరా?"

"ఒక్కోసారి నొప్పే ఉండదు. చెవి కారితే దూది పెట్టుకుని బడికి పోతారు."

"ముదరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"అది క్యాలెండరు చూసుకుని ముదరదు బావా. ఈ వారం తీసుకురా."

వీళ్ళిప్పుడు ఐదో తరగతి. ఆ బడిలో ఐదే ఆఖరు. ఈ ఏడాది బళ్ళు ఆలస్యంగా తెరిచారు కాబట్టి మే 22 దాకా నడుస్తాయి. అది దాటితే నలభై మంది ఏ బడికి పోతారో ఏ ఊరికి పోతారో ఎవరికీ తెలియదు. మే అంటే ఇంకా నాలుగు నెలలు. బోలెడంత సమయం ఉంది.

జనవరి 13, మంగళవారం

మా ఆవిడకి చెప్పి తప్పు చేశాను.

"ఆ పెద్ద మేడమ్‌కి ఒక మాట చెప్పి రావచ్చుగా," అంది. ఏదో పాలప్యాకెట్ తెచ్చిపెట్టమన్నంత తేలిగ్గా.

నా అనుమతి గడువు తీరిపోయిందనీ, గడువు తీరాక ఆ బడి ఆవరణలోకి అడుగుపెట్టకూడదనీ, సిబ్బందితో పరిశోధన ఊసెత్తకూడదనీ, ఎత్తితే సేకరించిందంతా రద్దవుతుందనీ వివరించాను. ఏడో షరతు చదివి వినిపించాను.

"నలభై మందిలో ఎవరికో చెవి బాగోలేదని చెప్పడానికి కూడా అనుమతి కావాలా?"

"నీకు అర్థం కాదు."

"అర్థమయ్యేలా చెప్పండి మరి."

ప్రింటరు చాలా రోజులుగా కాగితం నలిపేస్తోంది. దాన్ని విప్పి బాగుచేశాను.

జనవరి 14, బుధవారం

మా గైడునీ అడిగాను, నేనే తొందరపడుతున్నానని ఎవరూ అనకుండా. ఆయన తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పారు.

"మీరు వెళ్ళి నోరు జారితే మీ ఒక్కరిదే పోదు. మన విభాగం వాళ్ళని ఇంకెప్పుడూ బళ్ళలోకి రానివ్వరు. మీ వెనక ఏడుగురున్నారు. పద్ధతి ప్రకారం అడగండి. ఇస్తారు."

నాకూ అదే సరైనదనిపించింది. ఆరేళ్ళ చదువు. నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ మొదటినించి మొదలెట్టలేను. మా కాలేజీలో నా తరవాత చేరినవాళ్ళంతా డాక్టరేట్లు తగిలించుకుని నా ముందే కుర్చీలు మారుతున్నారు.

జనవరి 19, సోమవారం

విద్యాశాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. ముప్పై రెండు పేజీలు. మూడో విడత పరీక్షకి అనుమతి కోరుతూ, దానితోపాటు పిల్లలందరికీ డాక్టరు చేత చెవి పరీక్ష చేయించాలని ప్రత్యేక భాగం చేర్చాను. పరికరాల పేర్లు, బావ అర్హతలు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం నమూనా, చింపేసినట్టు ధ్రువపత్రం నకలు. ప్రతి భాగానికీ రంగు కాగితం అంటించాను. ఇన్‌వర్డ్ స్టాంపు వేసే అమ్మాయి ఒకసారి తిరగేసి, "ఎంత నీటుగా ఉందండీ," అంది.

మనసు తేలికపడింది. ఆ పిల్లో పిల్లాడో కోసం నేను చేయగలిగింది చేశాను.

జనవరి 28, బుధవారం

నా ఫైలు చూసే గుమస్తాకి పెన్నుమూత అని పేరు పెట్టాను. మాట్లాడినంతసేపూ మూత నములుతూనే ఉంటాడు. మూత సగం అరిగిపోయింది. మూడో అంతస్తు, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఫైళ్ళు, ఫైళ్ళ మీద అతని టిఫిన్ డబ్బా.

"ఈ చెవి పరీక్ష ఎందుకు రాశారు సార్?"

"దాని కోసమే కదా ఇదంతా."

"మూడో విడత అని ఒక్క ముక్క రాసుంటే పాతదాని కిందే పొడిగింపు ఇచ్చేవాళ్ళం. పదిహేను రోజుల పని. డాక్టరు అన్నారు, పరికరాలు అన్నారు. ఇప్పుడిది వైద్యం. ఆరోగ్యశాఖ అభిప్రాయం కావాలి."

"ఆ భాగం తీసేస్తాను."

"నంబరు పడ్డాక పేజీలు తీయకూడదు సార్. మీకు తెలియనిదేముంది."

నాకు తెలుసు. పేజీలన్నిటికీ వరస నంబర్లు వేసింది కూడా నేనే.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఫైలు ఆరోగ్యశాఖకి వెళ్ళింది. వెళ్ళినట్టు పెన్నుమూత రిజిస్టరు తీసి చూపించాడు.

ఫిబ్రవరి 10, మంగళవారం

అక్కడి ఆఫీసరు సెలవు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆఫీసరు సెలవు పొడిగించారు. కాళ్ళు అరిగేలా తిరుగుతున్నానని మా ఆవిడతో అంటే, "ఏ వైపు తిరుగుతున్నారో కూడా చూసుకోండి," అంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఆ బడి ఉన్న రోడ్డులో పని పడింది. పని అంటే, పడేలా చేసుకున్నాను. ఎదురుగా సైకిళ్ళ దుకాణం దగ్గర నుంచున్నాను. రోడ్డు ఆవరణ కాదు, ఏడో షరతు కిందికి రాదు.

గంట కొట్టారు. పెద్ద పిల్లలు గేటులోంచి వచ్చి రెండు వైపులా చీలిపోయారు. నాకు తెలిసిన వైపు నించే చూశాను, వెనకనించి. ఇరవై మూడు అంటే ఒంటిజడ వేసుకున్న అమ్మాయి అనిపించింది, జడ కాగితం మీద పడుతుంటే నేనే పక్కకి జరిపి పిన్ను గుచ్చినట్టు గుర్తు. కాసేపటికి అది ముప్పై రెండేమో అనిపించింది. ఇరవై మూడుది చొక్కా కాలరు చిరిగి ఉండేది. అది అబ్బాయి. లేకపోతే కాలరు చిరిగింది పదమూడుదేమో.

సైకిళ్ళాయన, "ఎవరికోసం సార్?" అన్నాడు. ఎవరికోసమూ కాదన్నాను. రోడ్డు ఖాళీ అయ్యాక వచ్చేశాను.

మార్చి 4, బుధవారం

ఆరోగ్యశాఖ నించి మెమో వచ్చింది. రెండు ప్రశ్నలు. ఒకటి, ఒక విద్యార్థికి సమస్య ఉంటే నలభై మందికీ పరీక్ష ఎందుకు? రెండు, సదరు ఇరవై మూడో నంబరు విద్యార్థి పేరు, తల్లిదండ్రుల సమ్మతి ఎందుకు జతచేయలేదు?

జాబితా చింపేసినట్టు పత్రం పంతొమ్మిదో పేజీలో ఉంది. ఒక్క పేజీ తిప్పితే కనిపించేది. మనుషులు ఎందుకు చదవరో.

మార్చి 9, సోమవారం

జవాబు ఇచ్చాను. నాలుగు చిత్తుప్రతులు రాశాను. నాలుగోది నిజంగా బాగా కుదిరింది. "ఎవరో తెలియనందునే అందరినీ పరీక్షించవలసి ఉన్నది, అందరినీ పరీక్షించనిదే ఎవరో తెలియదు." మా ఆవిడకి చదివి వినిపించాను.

విని, "ఆ పిల్లకి ఈ వాక్యం వినబడుతుందా?" అంది.

పిల్ల అంటుంది ఎప్పుడూ. పిల్లాడు కావచ్చు కదా.

మార్చి 17

ఏమీ లేదు.

మార్చి 26, గురువారం

బావ ఫోన్ చేశాడు. "చెవి ఏదీ?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. ఫైలు నడుస్తోందన్నాను.

"నేనొక పని చెప్పనా? సామాను బ్యాగులో వేసుకుని నేను ఆ బడికి వెళ్తాను. డాక్టర్ని, పిల్లల చెవులు చూస్తానంటాను. నీ పేరెత్తను."

"ఆరోగ్యశాఖ వాళ్ళ దగ్గర నీ పేరు, అర్హతలతో సహా ఉంది. ఎవరైనా రెండూ కలిపితే?"

"కలపనీ."

"నీకేం, నీ డిగ్రీ గోడకి వేలాడుతోంది."

అన్నాక బాధేసింది. అతను, "నీ ఇష్టం బావా. నా వంతు అడిగాను," అని పెట్టేశాడు. సాయంత్రం మళ్ళీ చేద్దామనుకున్నాను. అతను ఆపరేషన్లలో ఉంటాడని చేయలేదు.

ఏప్రిల్ 7, మంగళవారం

భోజనాల దగ్గర మా ఆవిడ పళ్ళెం పక్కకి జరిపి చెప్పింది.

"పేరు లేకుండా ఒక ఉత్తరం రాయండి. ఐదో తరగతి పిల్లల చెవులు ఒకసారి డాక్టరుకి చూపించండి అని. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. రెండు లైన్లు. మీరు రాయకపోతే నేను రాస్తాను."

"నేనే రాస్తాను," అన్నాను. ఆమె చేతిరాత కోడికాళ్ళలా ఉంటుంది, ఎవరూ లక్ష్యపెట్టరు.

రాశాను. చదువుకుంటే పైన విషయం, సూచిక అని రెండు వరసలున్నాయి, మొదటి పేరా సందర్భం, రెండో పేరా సమస్య, మూడో పేరా అభ్యర్థన. "సదరు" అనే మాట మూడుసార్లు. ప్రపంచంలో ఇంకెవరూ ఇలా రాయరు, పేరు పెట్టకపోయినా పెద్ద మేడమ్ కవరు విప్పగానే నన్ను గుర్తుపడుతుంది. మళ్ళీ రాశాను. అదీ అలాగే వచ్చింది. నాకు మామూలుగా రాయడం చేతకాదని ఇవాళే తెలిసింది.

ఏప్రిల్ 9, గురువారం

ఉత్తరం పని అయిపోయింది. మా ఆవిడకి చెప్పాను. హమ్మయ్య అని, చాలా రోజుల తరవాత నవ్వుతూ మాట్లాడింది. సినిమాకి వెళ్దామంది. వెళ్ళాం.

ఏప్రిల్ 22, బుధవారం

పెన్నుమూత ఇవాళ నన్ను కూర్చోమన్నాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి. టీ కూడా తెప్పించాడు. ఆరోగ్యశాఖ తమకి అభ్యంతరం లేదని రాసి ఫైలు వెనక్కి పంపిందట, ఇక్కడి ఆఫీసరు సంతకం ఒక్కటే మిగిలింది.

"సార్, ఒకటి అడుగుతాను ఏమీ అనుకోకండి. మీకు కావలసింది పరిశోధనా, ఆ చెవా?"

"రెండూ ఒకటే."

మూత నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"మా పిల్లల బడికి పోయిన నెల పళ్ళ డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. ఆ కాగితం మా ఆఫీసుకి రాలేదే అని ఇప్పుడనిపిస్తోంది. ఒకసారి బళ్ళోనే కనుక్కోకూడదూ?"

గుమస్తాలకి పళ్ళ పరీక్షకీ పరిశోధనకీ తేడా తెలియదు. ఏడో షరతు అతనికీ చదివి వినిపించాను. "అది మా సెక్షన్ టైపు చేసిందే సార్," అన్నాడు. టీ బాగుంది.

మే 6, బుధవారం

ఫైలు ఆఫీసరు బల్ల మీద ఉంది. తలుపు తీసినప్పుడు నా రంగు కాగితాలు కనిపించాయి, దొంతరలో పైనుంచి నాలుగోది. ఇంకా పన్నెండు పనిదినాలు.

మే 11, సోమవారం

పైనుంచి ఆరోది.

మే 15, శుక్రవారం

ఆఫీసరు ఉన్నారు. మీటింగులో ఉన్నారు.

మే 18, సోమవారం

సంతకం అయింది. పెన్నుమూత తనే ఫోన్ చేసి చెప్పాడు. రేపు వచ్చి ఉత్తర్వు తీసుకోమన్నాడు. మా ఆవిడ ఊళ్ళో లేదు, రేపు వస్తుంది. ఇంట్లో ఒక్కణ్ణే అటూ ఇటూ నడిచాను. మంగళవారం ఉత్తర్వు, బుధవారం బావ, గురువారం పరీక్ష. ఒక రోజు మిగులుతుంది కూడా. అందరూ నన్ను చాదస్తుడంటారు గానీ పద్ధతి ప్రకారం పోతే పని ఇలా అవుతుంది.

మే 19, మంగళవారం

ఉత్తర్వు ఒక పేజీ.

"వచ్చే విద్యాసంవత్సరం మొదలు, సదరు పాఠశాలలో అప్పటి ఐదో తరగతి విద్యార్థులపై పరిశోధన జరుపుటకు అనుమతించడమైనది."

అప్పటి ఐదో తరగతి అంటే ఇప్పటి నాలుగో తరగతి. వేరే పిల్లలు.

పెన్నుమూత నా మొహం చూడలేదు. "పోయిన వారం పెట్టిన ఫైళ్ళన్నీ కొత్త ఏడాది లెక్కలోకి వేశారు సార్. మార్చాలంటే మళ్ళీ మొదటినించి రావాలి," అన్నాడు. మెట్ల మీద కూర్చుని చదువుకున్నాను. అక్షరదోషాలు కూడా లేవు.

మే 20, బుధవారం

ఉత్తర్వు మా ఆవిడకి చూపించాను. చదివి, పెద్దగా బాధపడలేదు.

"పోనీలెండి. ఉత్తరం అందింది కదా, ఆ మేడమ్ ఈపాటికి చూపించే ఉంటుంది. ఆ పిల్ల బాగుంటే మీ మూడో విడత లేకపోతే ఏం?"

నేను ఉత్తర్వుని మళ్ళీ పాత మడతల ప్రకారమే మడిచాను. ఆమె నావైపు అలాగే చూసింది. ఇరవై ఏళ్ళ కాపురం, ఇంకేం అడగక్కర్లేదు.

"వేయలేదు కదూ."

వేయలేదు. పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. అందులో చేయి పెట్టి, ఉత్తరం వదలకుండా మళ్ళీ తీసేశాను. తరవాత ముక్కలు చేసి కాలవలో పడేశాను, ఎవరికీ దొరక్కుండా. చింపడంలో నాకు అనుభవం ఉంది. ఏప్రిల్ 9న ఈ పుస్తకంలో "ఉత్తరం పని అయిపోయింది" అని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా తప్పించుకునేలా వాక్యం కట్టిన మనిషిని నేను.

"ఆరు వారాలు," అంది మా ఆవిడ. "ఆరు వారాలు నేను నిశ్చింతగా నిద్రపోయాను."

అరిచినా బాగుండేది. లోపలికి వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది.

మే 21, గురువారం

పొద్దున్నే ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. ఎక్కడికన్నాను.

"నేను ఏ కమిటీకీ సంతకం పెట్టలేదు," అని వెళ్ళిపోయింది.

ఆపలేదు. ఆపలేదని గొప్పగా రాసుకోవడానికి లేదు, ఆపడానికి సరిపడా ధైర్యం కూడా లేకపోయింది. కుర్చీలో కూర్చుని ఏడో షరతు మళ్ళీ చదివాను. పరిశోధకుడి కుటుంబసభ్యుల గురించి అందులో ఏమీ లేదు. జనవరిలోనూ లేదు.

గంటన్నరలో వచ్చింది. అందులో నడక గంట.

"పది నిమిషాలు పట్టింది," అంది. "విని, అయ్యో ముందే చెప్పొచ్చుగా అంది పెద్ద మేడమ్. పిల్లల ఒంట్లో సంగతి చూపించుకోవడానికి ఏ ఆఫీసూ అక్కర్లేదట. డాక్టరు వస్తానంటే ఆవిడే పిలిపించుకోవచ్చట. ఏటా పళ్ళవాళ్ళూ కళ్ళవాళ్ళూ అలాగే వస్తారట. అన్నయ్యకి ఫోన్ చేశాను, రేపు పొద్దున వస్తాడు. మిమ్మల్నీ రమ్మంది ఆవిడ."

"నన్నెందుకు?"

"మీరు చాలా శ్రద్ధగల మనిషట. అలాంటివాళ్ళు ఉండాలట."

ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

మే 22, శుక్రవారం

ఆఖరి రోజు కదా, బల్లలన్నీ గోడకి చేర్చేశారు. పెద్ద మేడమ్ తన గదిలోనే బావకి కుర్చీ వేయించింది. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది వచ్చారు. బావ నుదుటికి దీపం కట్టుకుని ఒక్కొక్కళ్ళ చెవిలో చూస్తూ, ఒకడికి గులిమి, ఒకడికి చెవిలో పెన్సిలు ముక్క అని మేడమ్‌కి చెబుతూ పోయాడు. పిల్లలకి ఇదో ఆటలా ఉంది.

వరసలో పంతొమ్మిదో పిల్ల దగ్గర మాట్లాడటం ఆపేశాడు. కుడి చెవి చూశాడు, ఎడమది చూశాడు, మళ్ళీ కుడిది చూశాడు. ఒంటిజడ కాదు, చిరిగిన కాలరు కాదు. పొట్టి జుట్టు, పొందిగ్గా దువ్వుకుంది. ఈ పిల్ల వీపు నాకు అసలు గుర్తే లేదు.

"ఈ అమ్మాయికా?" అంది పెద్ద మేడమ్. "చలాకీ పిల్లండీ. ముందు బెంచీలో కూర్చుని నా మొహం మీంచి చూపు తిప్పదు. అంత శ్రద్ధ."

బావ వేలితో తన పెదాలు చూపించాడు. మేడమ్‌కి అప్పుడర్థమై, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

పిల్ల నన్ను చూస్తోంది. కాసేపటికి గుర్తుపట్టింది.

"మీరు టేపు సార్ కదా. నాకు అందులో తక్కువ వచ్చాయా?"

గొంతు కొంచెం పెద్దది. మాటల చివర్లు అరిగిపోయి ఉన్నాయి. తక్కువేం కాదన్నాను.

"గోడవైపు తిప్పేశారు సార్, అందుకే. ఎదురుగా కూర్చోబెట్టి పెడితే అన్నీ రాస్తాను. నాకు అన్నీ వచ్చు. ఇంకోసారి పెట్టరా?"

ఆ పిల్ల ఏడాదిపాటు అదొక పరీక్ష అనీ, అందులో తప్పాననీ అనుకుంది. ఇంట్లో కూడా చెప్పలేదట.

అందరూ వెళ్ళాక బావ సామాను స్పిరిటుతో తుడుస్తూ చెప్పాడు. కుడి చెవిలో ఎముకలు లేవు, చీము తినేసింది. ఆపరేషను చేసి అది ఇంకా లోపలికి పోకుండా ఆపుతాడు. వినికిడి మాత్రం రాదు. ఎడమది కొంచెం మిగలొచ్చు.

"జనవరిలో అయితే?" అని అడిగాను.

"ఎడమది పూర్తిగా దక్కేది. కుడిది సగం." తుడుస్తూనే ఉన్నాడు. "అడిగావు కాబట్టి చెప్పాను."

మే 23, శనివారం

బావ ఆసుపత్రికి పిల్లని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. బట్టల ఇస్త్రీ దుకాణంలో పని చేస్తుందట, వేళ్ళ మీద కాలిన మచ్చలు. భర్త గురించి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నన్ను రావద్దని మా ఆవిడ అనలేదు, రమ్మనీ అనలేదు. నేనే వెళ్ళాను. ఫారాలు నింపడం ఒక్కటే నాకు వచ్చిన పని కాబట్టి అక్కడ కూర్చుని ఆవిడ తరఫున నింపాను. పిల్ల పేరు రాసే చోట ఆవిడ చెప్పింది, నేను రాశాను.

సంతకం చేసి పెన్ను నాకు తిరిగి ఇస్తూ ఆవిడ అడిగింది.

"పిలిస్తే పలకట్లేదని నేను ఎన్నిసార్లు కొట్టానో బాబుగారూ. పొగరు అనుకున్నాను." అని కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత, "మీకెప్పుడు తెలిసింది ఇది?" అంది.

మా ఆవిడ పక్కనే ఉంది. బావ తలుపు దగ్గర నుంచుని నర్సుతో మాట్లాడుతున్నవాడు ఆపాడు. ఇద్దరూ నావైపు చూశారు.

"నిన్ననే," అన్నాను. డాక్టరు చూసింది నిన్ననే కాబట్టి.

ఆవిడ నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. నిన్న తెలిస్తే ఇవాళే మంచం ఇప్పించారనీ, సొంత అన్నదమ్ములు కూడా ఇంత పరుగున చేయరనీ అంది. ఏడుస్తోంది. పిల్ల ఆవిడ పక్కన నిలబడి అర్థం కాక, మొదట అమ్మ పెదాల వైపూ తరవాత నా పెదాల వైపూ మార్చి మార్చి చూసింది.

నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆవిడ వదిలేదాకా అలాగే ఉంచాను.